డీవీడీ ప్లేయర్‌కు కుట్టిన అంగీ

ఆ రోజుల్లో ఎవరింట్లోకైనా కొత్త వస్తువు వస్తే ముందు దాని కంపెనీ అడిగేవాళ్ళు, తర్వాత గ్యారంటీ అడిగేవాళ్ళు. మా ఇంట్లో మాత్రం ముందు దాని కొలతలు తీసేవాళ్ళు. మా తాత దర్జీ. మెదక్‌లో చర్చికి పోయే దారిలో ఆయన కొట్టు ఉండేది. గుడ్డ తొడుక్కోకుండా ఏ వస్తువైనా ఎదురుగా కనిపిస్తే ఆయనకు ప్రాణం ఊరుకునేది కాదు. రేడియోకు గుండీల కోటు, గోడ గడియారానికి టోపీ, గ్యాస్ సిలిండరుకు కుచ్చుల లంగా, సైకిల్ సీటుకు రెండు జతలు (ఒకటి ఉతుకులో ఉంటే ఇంకొకటి వేయడానికి). క్రిస్మస్‌కు మా కొత్త బట్టలు ఆలస్యమైన సందర్భాలు ఉన్నాయి గానీ, మిక్సీ ఒంటి మీద గుడ్డ లేకుండా నిలబడ్డ రోజు ఒక్కటి కూడా లేదు. పెళ్ళయినప్పటి నుంచి ఆ పక్కనే కూర్చుని కాజాలు కుట్టిన మా నాయనమ్మకు కూడా అదే జబ్బు అంటుకుంది. కొత్తగా ఉద్యోగంలో చేరి, లోకంలో నాకు తెలియని యంత్రం లేదనుకుంటున్న నేను ఈ అలవాటు చూసి నవ్వుకునేదాన్ని. ఆ నవ్వు ఎక్కడికి తెచ్చిందో చెబుతాను.

తాత ఒక వానాకాలంలో పోయారు. ఇంట్లో ఆయన ఫొటోలు చాలానే ఉన్నాయి గానీ, అన్నిట్లోనూ ఊపిరి బిగబట్టి నోరు మూసుకుని ఉంటారు. ఆయన మాట మాత్రం ఒకే ఒక్క చోట మిగిలింది. అంతకు ముందు క్రిస్మస్‌కు హైదరాబాదు నుంచి వచ్చిన మా మేనత్త కొడుకు, అంటే మా బావ, కొత్త కెమెరాతో తాతను కుట్టు మిషను ముందు కాసేపు వీడియో తీశాడు. తాత పోయాక దాన్ని ఒక డిస్కులో పెట్టి పంపించాడు. సంవత్సరం నిండే రోజున ఇంట్లో జ్ఞాపకార్థ కూడిక పెట్టుకున్నాం. ఆ రోజు అందరి మధ్యా కూర్చుని ఆ వీడియో చూడాలని నాయనమ్మ కోరిక. అంతకు ముందు చూడమంటే ఒప్పుకోలేదు. "దొంగతనంగ జూసినట్టు నేనొక్కదాన్నే ఎందుకు జూస్త? ఆయినెప్పుడన్న ఒక్కడే కూసున్నడా, పది మంది లేంది?" అంది.

చూద్దామన్నా మా దగ్గర ఉన్న పాత వీసీడీ ప్లేయర్‌లో అది పడలేదు. డిస్కు పెట్టగానే కాసేపు లోపల గరగరమని తిరిగి, టీవీ మీద 'నో డిస్క్' అని రాసేది.

"ఏమంటున్నదే?" అంది నాయనమ్మ.

"డిస్కు లేదంటుంది."

"లేకపోవుడేంది? కండ్ల ముంగటనే వెడ్తివి గద!"

డిస్కు తీసి, తుడిచి మళ్ళీ పెట్టాను. మళ్ళీ అదే మాట. అప్పటికి నేను కుల్చారంలో ఒక ప్రైవేటు బడిలో కంప్యూటర్ టీచర్ని. (పిల్లలు చెప్పులు బయట విడిచి వరుసగా లోపలికొచ్చి, గుడ్డలు కప్పి ఉన్న కంప్యూటర్లను చూసి, వరుసగా బయటికి పోయేవాళ్ళు. నా బోధన దాదాపు అంతే.) అయినా ఇంట్లో కరెంటుతో నడిచే ప్రతిదానికీ నేనే జవాబుదారీ. "అన్ని డిస్కులు ఆడే ప్లేయర్ ఒకటి నువ్వే జూసి తే" అని నాన్న ఆ పని నా నెత్తిన పెట్టారు.

బావకు ఫోన్ చేస్తే ధైర్యం వస్తుందనుకున్నాను. ఉన్నది కాస్తా పోయింది. "ఏమే, అది మామూలు సినిమా డిస్క్ గాదు. ప్లస్ ఆర్, మైనస్ ఆర్ అని రెండు రకాలుంటయ్. కొన్ని ప్లేయర్లు ఒకటి జదివితె ఇంకోటి జదవయ్. ఇంక లోపల ఫైలు వేరే రకం. బొమ్మొచ్చి మాట రాకపోవచ్చు, మాటొచ్చి బొమ్మ రాకపోవచ్చు" అన్నాడు. ఇంకో కాపీ పంపమన్నాను. "యాడిది? సిస్టం ఫార్మాట్ గొట్టిన గద. ఉన్నదంత ఆ డిస్కులనే ఉన్నది. గీత పడకుంట జర పైలం" అని పెట్టేశాడు. చిన్నప్పటి నుంచీ లెక్కల్లో ప్లస్ దగ్గర మైనస్ వేసి మార్కులు పోగొట్టుకున్న మనిషిని నేను. ఇప్పుడు అదే తప్పు చేస్తే పోయేది మార్కులు కాదు, తాత గొంతు. అన్నం సహించడం మానేసింది. బస్సులో కూర్చుంటే చక్రాల చప్పుడు కూడా డిస్కు గీకుతున్నట్టే వినిపించేది.

ఈ సంగతి చుట్టాల్లో పాకేసరికి ఎవరి డిస్కు వాళ్ళు తెచ్చి ఇచ్చారు. అత్త కూతురి పెళ్ళి వీసీడీ, పెదనాన్న ప్రసంగాల డిస్కు, నాన్న దాచుకున్న కీర్తనల ఎంపీత్రీ, పక్కింటి వాళ్ళ పిల్లల బొమ్మల డిస్కు. అన్నీ ఆడితేనే కొనాలట. నాయనమ్మ ఒక్కోదానికి చొక్కా గుడ్డ ముక్కలతో ఒక్కో సంచి కుట్టింది. తాత డిస్కుకు మాత్రం ఆయన సఫారీ గుడ్డ. గుండ్రంగా ఉన్నాయి కదా అని అమ్మ వాటన్నిటినీ రొట్టెల డబ్బాలో పెట్టి నా చేతికిచ్చింది.

బజార్లో టీవీల దుకాణం ఆయన్ని ఊరంతా రిమోట్ భాయ్ అనేది. చొక్కా జేబులో పెన్ను ఉండాల్సిన చోట ఎప్పుడూ రిమోట్ ఉండేది. నేను డబ్బా మూత తీస్తుంటే తొంగి చూసి, "బేటీ, రొట్టెలు దెచ్చినవా?" అన్నాడు. డిస్కులని చెప్పి, ప్లస్సు మైనస్సుల గొడవంతా ఏకరువు పెట్టాను. ఆయన చిన్నగా నవ్వి ఒక పెట్టె మీద చెయ్యి వేశాడు. "పరేషాన్ గాకు. దీన్ల రొట్టె వెట్టినా ఆడ్తది."

ఆడలేదు. పెళ్ళి ఆడింది, ప్రసంగం ఆడింది. తాత డిస్కు పెట్టగానే మళ్ళీ 'నో డిస్క్'. భాయ్ మొహం చిన్నబోయి ఇంకో పెట్టె దించాడు. దీని మీద అంటించిన గుర్తులు చదవడానికే చాలాసేపు పట్టింది. ప్లస్ ఉంది, మైనస్ ఉంది, ఇంకా నేను పేరు కూడా వినని రకాలున్నాయి. డిస్కు లోపలికి పోయింది, తిరగడం మొదలుపెట్టింది. టీవీ మీద 'లోడింగ్' అని అక్షరాలు పడ్డాయి. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. డిస్కు లోపలే ఉండిపోయింది. బయటికొస్తే గీతలతో వస్తుందేమో, అసలు రాదేమో. భాయ్ గడప అవతల జనరేటర్ తాడు లాగాడు. ఆ మోతకు గోడలు అదిరాయి. ప్లేయర్ మళ్ళీ మొదటి నుంచి తిరిగింది. ఉన్నట్టుండి దుకాణంలో వెలుగుతున్న టీవీలన్నిట్లోనూ తాత ప్రత్యక్షమయ్యారు! మెడలో టేపుతో, కళ్ళజోడు ముక్కు చివర పెట్టుకుని, ఏదో అంటున్నారు. జనరేటర్ మోతలో ఒక్క ముక్క వినపడలేదు. జనరేటర్ దగ్గర్నుంచి లోపలికొస్తున్న భాయ్ ఆగి నిలబడి, "అరె, మాస్టర్ సాబ్!" అని చెయ్యి నుదుటి దాకా తెచ్చి సలాం చేశాడు. భాయ్ పెళ్ళినాటి షేర్వానీ తాత కుట్టిందేనట. నేను మాత్రం గబుక్కున ఆపేశాను. ఆయన్ని ముందుగా చూడాల్సింది నేను కాదు.

పెద్దమనిషి తరహాలో ఆపానే గానీ, ఆ పెట్టె కొనుక్కుని ఇంటికి పోతున్నంతసేపూ ఒకటే దిగులు. బొమ్మయితే వచ్చింది, మాట వస్తుందా? వెనక్కి పోయి విందామంటే జనరేటర్ ఇంకా మోగుతూనే ఉంది.

ఇంట్లో నాయనమ్మ ఆ పెట్టె మీది గుర్తులు ఒక్కటీ చూడలేదు. మెడలో టేపు తీసి పొడవు, వెడల్పు, ఎత్తు కొలిచింది. "గింత సన్నగున్నదేందే? తిండి తింటలేదా ఇది?" అంది. తర్వాత కళ్ళజోడు పైకి నెట్టి, "మీ తాత మాట్లాడ్తడా లేదా? గదొక్కటి జెప్పు" అంది. మాట్లాడతాడన్నాను. ఆ మాట అన్నాక రెండు రాత్రులు నిద్ర లేదు.

కూడిక రోజు పొద్దున నేను చాపలు పరవడంలో, చర్చి పాస్టరు అయ్యగారికి కుర్చీ వేయడంలో మునిగిపోయాను. ప్లేయర్‌లో కీర్తనల డిస్కు పెట్టి, చుట్టాలు వచ్చేదాకా పాటలు మోగించారు నాన్న. పాటలు ఆపి, నేను వంటగదిలోకి పోయి వచ్చేలోపు ప్లేయర్ ఒంటి మీదకు కొత్త అంగీ వచ్చేసింది. చర్చిలో పాటలు పాడే క్వయర్ వాళ్ళకు తాత చివరగా కుట్టిన పొడుగు అంగీల్లో మిగిలిన మెరూన్ గుడ్డ అది. ఎక్కడా ముడత లేదు. తొడిగి ముడి వేయడం కాదు, అడుగున సూదితో ఒంటి మీదే కుట్టేసింది. వైర్లకు వెనక దారి వదిలింది. రిమోట్‌కు ఒక కన్నుంటుంది, దాన్ని మూయొద్దని నేను చెప్పానని అక్కడ గుండ్రంగా కాజా కూడా కుట్టింది. చూసి మురిసిపోయాను. (కంప్యూటర్ టీచర్ని కదా, ఒక మాట తట్టాలి. తట్టలేదు.)

అయ్యగారు ప్రార్థన ముగించారు. నాన్న నావైపు చూశారు. తాత డిస్కు ఎడమ చేతిలో, రిమోట్ కుడి చేతిలో పట్టుకుని ముందుకు పోయి, తెరుచుకోవడానికి బటన్ నొక్కాను. మెరూన్ గుడ్డ ముందుకు కొంచెం ఉబ్బింది, మళ్ళీ లోపలికి పోయింది. డిస్కు పెట్టే పళ్ళెం బయటికి రాబోయి, గుడ్డకు తగిలి వెనక్కి వెళ్ళిపోయింది. అది మూసుకోగానే లోపలున్న కీర్తనల డిస్కు తిరిగి, మొదటి పాట పెద్దగా అందుకుంది. అయ్యగారు లేచారు. ఆయన లేస్తే అందరూ లేచారు. కూడికలో కీర్తన మొదలైతే కూర్చునే అలవాటు మా వాళ్ళకు లేదు. చివరి చరణం దాకా పాడి కూర్చున్నారు. నేను మళ్ళీ నొక్కాను. గుడ్డ ఉబ్బింది, తగ్గింది, అదే పాట మొదలైంది. మళ్ళీ లేచి, మళ్ళీ పాడారు. పెదనాన్న ఈసారి రెండో గొంతు కూడా కలిపారు. మిషనే చెడిపోయిందా, దుకాణంలో కరెంటు పోయినప్పుడే దీనికి ఏమైనా అయ్యిందా అని నాకు ఒకటే అనుమానం. ఇంకోసారి నొక్కాను. మోకాళ్ళ నొప్పుల పెద్దమ్మ గోడ పట్టుకుని లేస్తూ, "గీ పాట మామకు గింత ఇష్టమని నాకు ఎర్కనే లేకపాయె" అంది కళ్ళు తుడుచుకుంటూ.

మూడోసారి ఉబ్బిన గుడ్డను చూశాక గానీ అసలు సంగతి నా బుర్రకు ఎక్కలేదు. పాట ముగిసేదాకా ఆగి, నాయనమ్మ పక్కన కూర్చుని చెవిలో చెప్పాను. "నాయనమ్మా, దానికి నోరుంటది. నోటి ముంగట కుట్టేసినవ్. కొయ్యాలె."

ఆ గుడ్డ తాత చేతి మీదుగా వచ్చిన ఆఖరి ముక్క. నాకు ఆ మాట అన్నందుకు నోరు పడిపోతే బాగుండుననిపించింది. నాయనమ్మ మెల్లగా లేచి, లోపలి గదిలో తాత మిషను మీది కవరు తీసి, ఆయన పెద్ద కత్తెర తెచ్చింది. ఏడాదిగా ఎవరూ ముట్టని కత్తెర. ప్లేయర్ ముందు కూర్చుని, బొటనవేలితో గుడ్డ మీద ఒక గీత అనుకుని, ఆ గీత మీద ఒక్క పోటున కోసింది. నేను బటన్ నొక్కాను. ఆ సందులోంచి పళ్ళెం నాలుక చాపినట్టు బయటికొచ్చింది.

తాత డిస్కు లోపలికి పోయింది. 'లోడింగ్' అంది. ప్రభువా, ప్లస్ అయినా సరే, మైనస్ అయినా సరే, ఒక్క మాట చాలు అనుకున్నాను. తాత వచ్చారు. పెదవులు కదిలాయి. మాట లేదు. అప్పుడు నాన్న వంగి టీవీ సౌండు పెంచారు (పాటలకు చెవులు పోతున్నాయని ఆయనే తగ్గించారట), గదంతా తాత గొంతు నిండిపోయింది. కళ్ళజోడు పైనుంచి కెమెరా వైపు అనుమానంగా చూస్తూ అంటున్నారు:

"గదేందిరా, కెమెరానా? గింత మంచి వస్తువు కొని కవర్ లేకుంట తిప్పుతున్నవా? దుమ్ము వడ్తదిరా! ఇటు తే, కొలత తీస్కుంట."

ముందు అయ్యగారు నవ్వారు. తర్వాత ఇల్లంతా నవ్వింది. నాయనమ్మ నవ్వుతూనే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, ఆ నవ్వు ఎక్కడ ఏడుపైందో నేను చూడలేదు. కత్తెర ఇంకా ఆమె ఒళ్ళోనే ఉంది. టీవీలోని తాతకు వినపడాలన్నట్టు కొంచెం గట్టిగా అంది. "కుట్టినయ్యా. మంచిగనే కుట్టిన. నీ మాట ఇనాలెనని కోసిన. ఏమనకు."

ఆ మర్నాడే ఆ సందుకు అంచు కుట్టి, పైన చిన్న రెక్క పెట్టి, రెండు గుండీలు వేసింది. ఇప్పుడు నాయనమ్మ లేదు. ప్లేయర్ తిరగడం మానేసి చాలా ఏళ్ళైంది. తాత వీడియో మా అందరి ఫోన్లలోనూ ఉంది, బొమ్మా మాటా రెండూ వస్తాయి. ప్లస్ ఆర్ అంటే ఏమిటో అడిగితే మా పిల్లలు నన్ను వింతగా చూస్తారు. రొట్టెల డబ్బా గుండెకు హత్తుకుని, పెట్టె మీది గుర్తులన్నీ సరిపోతే చాలు ఇక ఏ గండమూ లేదనుకుంటూ బజారుకు నడిచిన ఆ కంప్యూటర్ టీచరమ్మను తలుచుకుంటే జాలీ వేస్తుంది, నవ్వూ వస్తుంది.

మొన్న కొత్త ఫోన్ కొనడానికి రామాయంపేట రోడ్డులో ఒక దుకాణానికి పోయాను. కౌంటర్ దగ్గరి అతను కెమెరా గురించీ, బ్యాటరీ గురించీ గుక్కతిప్పుకోకుండా చెప్పుకుపోతున్నాడు. అంతా విని, "దీనికి కవర్ ఉందా?" అన్నాను. అది స్టాకు లేదు, వారంలో వస్తుంది మేడమ్ అన్నాడు. సరే, పర్వాలేదన్నాను. ఫోను కొని, ఇంటికొచ్చి, మెడలో టేపు వేసుకుని కూర్చున్నాను.