నమ్మనివాడు చదివిన వాన పురాణం

ఆ రోజుల్లో దేవుడి మీద నమ్మకం పోగొట్టుకోవడానికి కూడా మావాళ్ళు బస్సెక్కి పోవలసి వచ్చేది. మా ఊళ్లో పుస్తకాలు లేవు. పక్కనున్న పెద్ద ఊళ్లో గ్రంథాలయం ఉండేది. పదో తరగతి తప్పి, సోలార్ పార్కు కంచె దగ్గర కాపలా ఉద్యోగం చేసుకుంటున్న నేను సెలవు దొరికినప్పుడల్లా అక్కడికి వెళ్ళి, ఫ్యాను కింద కుర్చీ ఖాళీ అయ్యేదాకా కాచుకుని, మొదటి అల్మారా ఎడమ మూల నుంచి వరసగా చదువుకుంటూ వచ్చాను. అందువల్ల నా జ్ఞానం ఒక పద్ధతిలో పెరిగింది. ముందు కోళ్ళ పెంపకం, తర్వాత గ్రహణాలు, ఆ తర్వాత మేఘాలు. మేఘాల పుస్తకం పూర్తయ్యేసరికి నాకు దేవుడితో పని లేకుండా పోయింది. (తత్వశాస్త్రం ఆ పక్క అల్మారాలో ఉండేది. అంతదాకా నేనింకా రాలేదు. వచ్చి ఉంటే ఇంకాస్త మర్యాదగల నాస్తికుణ్ణి అయ్యేవాణ్ణేమో.)

మాది కర్ణాటక. ఇంట్లో తెలుగు, బళ్లో కన్నడం. మా ఊళ్లో అందరూ తెలుగులోనే తిట్టుకుంటారు గాని తెలుగు అక్షరం చదవగలిగేవాళ్ళు లేరు. నేను మాత్రం కన్నడ అక్షరాల పక్కన పెట్టి పోల్చుకుంటూ, ఆంధ్రా బస్సుల బోర్డుల మీద సాధన చేస్తూ, తెలుగు చదవడం సొంతంగా నేర్చుకున్నాను. ఆ గర్వం నన్ను ఎక్కడికి తీసుకుపోతుందో అప్పుడు తెలియలేదు. తిన్నగా గుడికి తీసుకుపోయింది.

వేరుశనగ ఊడలు దిగే వేళకు వాన మొహం చాటేస్తే పురాణం చదివించడం మా ఊరి ఆచారం. గుడి అరుగు మీద వ్యాసపీఠం పెట్టి, సాయంత్రాలు పాత తెలుగు పురాణం ఒకటి చదివిస్తారు. చివరి పుట ముగిసేలోగా వాన రావాలి. రాకపోతే తప్పు ఎవరిదో వెతుకుతారు. ఒక ఏడు, పురాణం మధ్యలో లేచి పోయిందని ఊరి చివర ముసలమ్మను పంట కోతల దాకా గుడి మెట్లెక్కనివ్వలేదు. ఎదురైతే జనం పక్కకు తప్పుకునేవారు, అంగడివాడు ఉప్పు ఇవ్వడానికి కూడా జంకేవాడు. (పాపం ఆవిడ లేచింది దగ్గు ఆపుకోలేక.) ఎప్పుడూ పురాణం చదివే తాతకు ఈసారి చూపు పోయింది. ఊళ్లో తెలుగు చదవగలిగేది ఇక నేనొక్కణ్ణే. గుడి కమిటీకి పెద్ద అయిన మా పెదనాయన నుంచి కబురు వచ్చింది.

"నాకు నమ్మకం లేదు పెదనాయనా," అన్నాను ధైర్యం చేసి. సముద్రం, ఆవిరి, మబ్బు అంటూ నాలుగు ముక్కలు కూడా చెప్పాను.

"నిన్నెవురు నమ్మమన్న్యారప్పా? సదవమన్న్యాము. నమ్మేదంతా మేము చూసుకుంటాము."

"అది కాదు పెదనాయనా..."

"ఈ మాట నాతో అన్న్యావు, సరిపాయ. బయట అన్న్యావనుకో, వాన రాకుంటే నీ మెడకే చుట్టుకుంటాది. అప్పుడు నేను గూడా ఏమీ సేయలేను. కమిటీ మాట కమిటీదే."

"కమిటీ అంటే నువ్వే గదా?"

"అదే సెప్తాండా."

ఇంట్లో పరిస్థితి ఇంకా కష్టం. మా భూమిలో చాలామటుకు పార్కుకు కౌలుకిచ్చేశాం. కంచె బయట మిగిలిన చెక్కలో నాయన వేరుశనగ వేశాడు. అమ్మ కంచె లోపల ప్యానెళ్ళు తుడిచే కూలికి పోయేది. వాన పడితే ప్యానెళ్ళు వాటంతట అవే కడుక్కుంటాయి. మేస్త్రీ గేటు దగ్గరే "ఈ పొద్దు పని లేదు, పోండమ్మా" అని వెనక్కి పంపేస్తాడు.

"రేయ్, కాస్త నిదానంగా సదువు నాయనా. ఈ వారం గడిస్తే సాలు," అంది అమ్మ సంగటి పెడుతూ.

"నిదానంగా సదివితే నా సెట్లు మాడిపోతాయి," అన్నాడు నాయన.

"అయితే నీ సేను మీద పడి, ప్యానెళ్ళ మీద పడకుండా సదవమను."

"ఏందే అది, వానా, స్ప్రింక్లరా?"

ఇద్దరూ నా వైపు చూశారు, ఆకాశపు కొళాయి నా చేతిలోనే ఉన్నట్టు.

పురాణం మొదలైంది. పొద్దుగూకే వేళ స్నానం చేసి, ఉపవాసపు కడుపుతో అరుగెక్కేవాణ్ణి. ఆ రోజుల్లోనే ఒక ఉదయం, డ్యూటీ దిగి వస్తూ, అమ్మతో పనిచేసే ఆడవాళ్ళంతా గుళ్లో టెంకాయ కొట్టిస్తుండగా చూశాను. వాన రావద్దని. సాయంత్రం అదే గుళ్లో రైతులు వాన రావాలని కొట్టించారు. పూజారి రెండింటికీ ఒకే మంత్రం చదివాడు. ఉండబట్టలేక అడిగాను.

"సామీ, దేవునికి ఇంతకీ ఏమని సెప్పినారు?"

"నేను సెప్పేది సంస్కృతమప్పా. అందులో అన్నీ వస్తాయి."

మేఘాల పుస్తకం నా నమ్మకాన్ని సగమే తీసేసింది. మిగతా సగం ఆ పూట పూజారి తీసేశాడు. అయినా నాకు ఏ ఊరటా కలగలేదు. దేవుడు పోయాడు గాని, దేవుణ్ణి నమ్మేవాళ్ళు ఎక్కడికీ పోలేదు. రోజూ సాయంత్రం నా ఎదురుగానే కూర్చునేవాళ్ళు. అరుగు మీద నుంచి చూస్తే ఊరంతా చేతులు జోడించుకుని ఉండేది. అందులో ఎవరు రమ్మంటున్నారో, ఎవరు రావద్దంటున్నారో చేతులను బట్టి తెలిసేది కాదు. అమ్మ కూడా కళ్ళు మూసుకుని, మహా భక్తిగా, నేను చదివేదానికి సరిగ్గా వ్యతిరేకంగా మొక్కుకునేది.

చివరి సాయంత్రం నిజంగానే మబ్బు పట్టింది. నల్లగా, కిందికి దిగి, ఇదిగో పడుతున్నా అన్నట్టు. జనంలో కదలిక వచ్చింది. నేను మేఘాల పుస్తకం చదివినవాణ్ణి కదా, దానికీ నా గొంతుకూ సంబంధం లేదని తెలుసు. అయినా నోరు దానంతటదే వేగం పెంచింది. అంతలో గాలి కొట్టి రెండు పుటలు ఒకేసారి తిరిగిపోయాయి. నేను సగం పద్యం చదివేశాక గాని గమనించలేదు. వదిలేసినా పుస్తకం చూసి కనిపెట్టగలిగేవాడు ఊళ్లో లేడు. నాస్తికుడికి ఒక పుట తక్కువైతేనేం? వెనక్కి తిప్పి, తప్పిపోయిన పుట మొదటి నుంచి చదివాను. ఆ చదవడంలో ఉన్నంత నిష్ఠ మా పూజారి జన్మలో చూపించి ఉండడు.

ఆఖరి పద్యం అయిపోయింది. మబ్బు కాసేపు ఆగి, పక్కనున్న హొసకోట మీదుగా నెమ్మదిగా ఆంధ్రా వైపు పోయింది.

ఎవరూ లేవలేదు. వెనక నుంచి ఒక ముసలి గొంతు, "ఎవురి మనసులోనో తేడా ఉండాది," అంది. పెదనాయన నా వైపు చూసి, చటుక్కున చూపు తిప్పుకున్నాడు. ఆయన తిప్పుకోవడం మిగతావాళ్ళు చూశారు. ముసలమ్మ, అంగడివాడు, ఉప్పు అన్నీ కళ్ళముందు తిరిగాయి. నమ్మకం లేనిది నాకేనని చెప్పేద్దామని పీఠం పట్టుకుని లేవబోతున్నాను.

నాకంటే ముందు అమ్మ లేచింది.

"నేను మొక్కినా, వాన వద్దని. టెంకాయ గూడా కొట్టినా. నా బిడ్డ బాగానే సదివినాడు. అనేదుంటే నన్ననండి."

నాయన సగం లేచి మళ్ళీ కూర్చున్నాడు. పెదనాయన గొంతు సవరించుకున్నాడు. "ఏందమ్మా ఇది? ఊరంతా ఒకటి కోరితే..."

"నేనూ మొక్కినా మామా," అంటూ అమ్మ వెనక ఇంకొకామె లేచింది. తర్వాత మరొకామె. చూస్తుండగానే ప్యానెళ్ళు తుడిచే ఆడవాళ్ళంతా నిలబడ్డారు.

"మీ సేన్లో కూలి దొరికినన్నాళ్ళు మేము గూడా వాన కావాలనే మొక్కితిమి గదప్పా," అంది ఒకామె.

అప్పుడు అన్నిటికంటే చివర మా పెద్దమ్మ, సాక్షాత్తు కమిటీ పెద్ద భార్య, కొంగు సర్దుకుంటూ లేచింది. "నేను గూడా మొక్కినా. మిద్దె మీద వడియాలు పెట్టినా."

ఎవరో కిసుక్కున నవ్వారు. ఇంకెవరో, "ఇంతమందిని గుడికి రావద్దంటే గుడి ఎవురు ఊడుస్తారప్పా?" అన్నారు. పెదనాయన దీపానికి చెయ్యి అడ్డం పెట్టి, "పుస్తకం మూసేయప్పా, గాలి లేస్తాండాది," అన్నాడు. ఆ రాత్రి ఎవరికీ ఏ శిక్షా పడలేదు. ఆ తర్వాత ఏ ఏడూ, వాన రానందుకు మా ఊళ్లో మనిషిని వెతకలేదు.

ఇంటికి నడిచేటప్పుడు నాయన ముందు, అమ్మ బాగా వెనక. కొంత దూరం పోయాక నాయన ఆగాడు.

"పోనీలే. రేపు నీకు పనన్నా ఉంటాది."

"నీ సెట్లు?"

"సగం బతుకుతాయిలే."

తర్వాత ప్యానెళ్ళు తుడిచే యంత్రాలు వచ్చాయి. అమ్మకు గేటు దాకా పోయే పని కూడా తప్పింది. ఇప్పుడు ఆమె నాయన పక్కనే కూర్చుని, వాన రావాలనే మొక్కుతుంది. ఊరంతా ఇంతకాలానికి ఒక్క మాట మీదికి వచ్చింది. వాన మాత్రం ఎవరినీ అడక్కుండానే వస్తుంది, పోతుంది. పురాణానికి నన్నే పిలుస్తారు, నాకంటే బాగా చదివేవాడు ఇంకా పుట్టలేదు కాబట్టి. నమ్మకం లేకుండానే వెళ్ళి, నమ్మకం లేకుండానే చదువుతాను. పుట తిప్పేటప్పుడు మాత్రం కళ్ళద్దాలు సర్దుకునే నెపంతో ఒక్కసారి తలెత్తి ఆకాశం వైపు చూస్తాను. ఆనాటి కంచె కాపలా కుర్రాడు అది చూస్తే పగలబడి నవ్వుతాడు. నవ్వనీ, వాడికింకా జుట్టు నెరవలేదు.