అది బలుపు కాదు, రోగం

నిన్న పొద్దున.
వాకిలి ఊడ్చిన. దేవుని కాడ దీపం పెట్టిన. పెనం మీద జొన్నరొట్టె ఏసి నీళ్లు అద్దుతున్న.

ఫోన్ మోగింది. మక్తల్ నుంచి మరదలు.
"వదినా..." అన్నది.

రొట్టె మాడిపోయింది.

మా తమ్ముడు మల్లేష్ ఇగ లేడు.
కిడ్నీ మీద టోపీ లెక్క చిన్న గ్రంథి ఉంటది. అడ్రినల్ అంటరు. దాంట్ల కేన్సర్.

గొర్లు కాసేటోడు. ఏ గొర్రెకన్న దవడ కింద వాస్తే దూరంకెల్లే పట్టేటోడు.
"అది బలుపు కాదక్కా, రోగం" అని పక్కకు కట్టి మందు తాపేటోడు.

నిరుడు వాని మొఖమే ఉబ్బింది. బుగ్గలు గుండ్రంగ, పొట్ట ముందుకు. కాళ్లేమో సన్నగ.
"ఏం మల్లేషూ, పెండ్లికొడుకు లెక్క అయితున్నవ్" అన్నరు అందరు.
"అంత నా పెండ్లాం చేతి వంట" అని నవ్వేటోడు.
మరదలు దిష్టి తీసింది.

గొర్రెకైతే గుర్తువట్టేటోళ్లం.

అయినా టైం మించిపోలే. ఉబ్బు తగ్గకుంటే హైదరాబాద్‌కు తోల్కపోయినం. డాక్టర్ స్కాన్ చూసి సాఫ్‌గ చెప్పిండు.
"ఈ ఉబ్బు గడ్డతోనే వచ్చింది. అది ఇంకా గ్రంథి దాటలే. మొత్తం తీసేద్దాం. దీనికి ఆపరేషనే అసలు వైద్యం. తర్వాత గోలీలు ఉన్నయి."

ఇంటికి పెద్ద మా మేనమామ. ఆయన ఒప్పుకోలే.
"కత్తి తగిల్తే కేన్సర్ ఒళ్లంత పాకుతది. పసరు తాపుదాం."
నేను మొత్తుకున్న. "నీకేం ఎరుక, ఊకో" అన్నరు.

పసరు తాగినన్ని రోజులు గడ్డ ఆగలే. లివర్‌కు పోయింది.
అదే డాక్టర్ ఈసారి మా మొఖాలు చూడలే. "ఇప్పుడు గోలీలు, కీమో. కొన్నాళ్లు ఆపుతయి, అంతే."

కత్తి తగలకనే పాకింది మామా.

నిన్నటి సంది "దేవుని రాత" అని మెసేజ్‌లు పెడుతున్నరు.
నేను రోజు ఆయనకు మొక్కేదాన్నే. మీరు చేసిన పని ఆయన మీదికి నూకకుండ్రి.

గీ రోగం కొన్ని ఇండ్లల్ల రక్తంల వస్తదట. పిల్లలకు పరీక్ష చేయించుమని డాక్టర్ అప్పుడే చెప్పిండు. మల్లేష్‌కు ఒక్కతే బిడ్డ.

నిన్న మట్టి చేసి వచ్చినంక, మాపటికి అందరం తమ్ముని వాకిట్ల కూసున్నం.
"దినాలు అయ్యేదాక ఎవ్వరు గడప దాటొద్దు" అన్నడు మామ.
మరదలు తల ఎత్తింది. "నా బిడ్డను తెల్లారంగనే దవాఖానకు తోల్కపోత."
మామతో సహా ఎవరు కాదనలే.
అదే ఖాయమైంది. ఎంబడి నేను పోవాలె అన్నరు.

తమ్మీ, బిడ్డ ఫికర్ చెయ్యకు. నేనున్న.
నువ్వు నిమ్మళంగ పండుకో.