కలకత్తా రోడ్డు మా చోడిచేనులోంచి పోయిన ఏడు

మొన్న మా మనవడు నన్ను కారులో టెక్కలి తీసుకువెళుతూ, ఇది పదహారో నంబరు జాతీయ రహదారి అనీ, వెనకటికి దీన్నే ఐదో నంబరు అనేవారనీ చెప్పాడు. నా చిన్నతనంలో దానికి నంబరే లేదన్నాను గానీ, తక్కినది చెప్పలేకపోయాను. ఆ రోజులు ఎరిగిన మీకైతే చెప్పుకోవచ్చు.

మద్రాసు నుంచి కలకత్తాకు కుంపిణీ కాలంలోనే పడిన బాట అని మా తాత అనేవాడు. భోగాపురం, రణస్థలం మీదుగా వచ్చి, చికాకోలు దగ్గర నాగావళి దాటి, నరసన్నపేట మీదుగా ఇచ్ఛాపురం వైపు సాగే ఆ దారిని మేము కలకత్తా రోడ్డనేవాళ్ళం. బెల్లం బళ్ళూ, దగ్గుకుంటూ వచ్చే, బొగ్గుతో నడిచే బస్సూ తప్ప దానిమీద పెద్ద సందడి ఉండేది కాదు. రెండో ప్రపంచ యుద్ధం ముదిరాక మిలటరీ లారీల కోసం వెడల్పు చెయ్యాలన్నారు. రాగులు పండే మా చోడిచేను అంచున రోడ్డు హద్దుకి కర్రలు పాతారు. ఆ అంచునే, ఇంకా నడకైనా రాకుండా జ్వరంతో పోయిన మా తమ్ముణ్ణి అంతకు ముందు ఏడు పూడ్చిపెట్టాం.

అమ్మ రోడ్డుపని మేస్త్రీ దగ్గరకు వెళ్ళింది.

"బాబూ, ఆ మూల నా బిడ్డ ఉన్నాడు. రోడ్డు కాసింత పక్కకి జరపండి."

ఆయన తలపాగా తీసి చేత్తో పట్టుకున్నాడు. "కర్రలు పాతినోళ్ళు దొరలమ్మా. నా సేతిలో ఏటున్నాది?"

అమ్మ అంది, "అయితే ఆ జాగాలో మట్టి నేనే ఏస్తాను. ఇంకెవుల సెయ్యీ పడనీయకండి."

మర్నాడు నాన్న గంపలు అందిస్తుంటే అమ్మ ఒక్కతే అక్కడ మట్టి పోసి, అరచేతులతో సర్ది, పక్కమీద దుప్పటి నిమిరినట్టు నిమిరింది. కూలీలు దూరంగా ఆగిపోయారు. రోలరు వచ్చినప్పుడు మాత్రం నన్ను దగ్గరకు లాక్కుని నా చెవులు మూసింది.

ఆ తరవాత అమ్మ బతికినన్నాళ్ళూ ఆ చోటు తొక్కలేదు. సంతకు వెళ్ళినా, నన్ను అత్తవారింటికి సాగనంపినా, అక్కడికి రాగానే పొలంగట్టు మీదకు దిగి, చుట్టూ తిరిగి మళ్ళీ రోడ్డెక్కేది.

ఇప్పుడా గట్లు లేవు, చేను లేదు. రోడ్డు ఎన్నిమార్లు వెడల్పయిందో, తమ్ముడు ఏ వరస బళ్ళ కింద ఉన్నాడో చూపించగలిగినవారెవరూ మిగల్లేదు. మనవడి కారు ఆ చోటు ఎప్పుడు దాటిందో నాకే తెలియలేదు.