కిన్‌రాస్ మేస్టారు

కొత్తపేటలో సాలమోను మేస్టారి ఇల్లెక్కడని అడిగితే జనం తెల్లమొహం వేస్తారు. కిన్‌రాస్ మేస్టారి ఇల్లంటే మాత్రం రిక్షావాడు గుమ్మం దాకా దింపి మరీ వస్తాడు. ఆ పేరు ఆయనకి చిన్నప్పుడు పరీక్షలో వచ్చిపడింది. మీ జిల్లా గురించి రాయమంటే, గోదావరి ఒడ్డున పుట్టిన ఈ కుర్రాడు గోదావరిని గాలికొదిలేసి స్కాట్లండులోని కిన్‌రాస్ జిల్లా గురించి రాసేశాడు, పటం కూడా గీసి.

తప్పు కుర్రాడిది కాదు. మిషన్ బడిలో పాఠం చెప్పే ఏగ్నెస్ దొరసానిగారికి బాగా తెలిసిన జిల్లా అదొక్కటే. చిన్న జిల్లా. అందులో లెవెన్ అని పెద్ద చెరువు, చెరువులో లంక, లంకలో ఒకప్పుడు రాణిని బంధించిన కోట. చలికాలంలో బాతులు దిగుతాయి. పూర్వం మన బండారులంకలాగే అక్కడా మగ్గాలాడేవి. రోడ్లూ బళ్ళూ చూసుకోవడానికి కౌంటీ కౌన్సిలని పెద్దల సభ ఉండేది. లంకలూ మగ్గాలూ ఉన్న ఊరు సాలమోనుకి పరాయిదనిపించలేదు.

దొరసానిగారు మళ్ళీ సొంతవూరి మొహం చూడలేదు. పంతొమ్మిదివందల డెబ్బై ఒకటిలో మంచం పట్టి, అప్పటికి అదే బళ్ళో మేస్టారైన సాలమోనుని పిలిపించుకున్నారు.

"మా జిల్లావాళ్ళు ఎవరైనా ఇటువస్తే, కాసేపు నా సమాధి దగ్గర కూర్చోమని చెప్పు."

"ఆయ్, అలాగేనండి."

ఆ మాటా ఆయన నిలబడే విన్నాడు. ఆవిడ ముందు శిష్యులెవరూ కూర్చునేవారు కాదు, ఎంత పెద్దవాళ్ళైనా సరే.

ఏటా సమాధుల పండగకి ఊళ్ళోవాళ్ళు తమవాళ్ళ సమాధులకి సున్నం వేసి, కొవ్వొత్తులు వెలిగించి, చాపలు పరుచుకుని పొద్దువాలేదాకా కబుర్లాడుకుంటారు. దొరసానిగారి దగ్గర మాత్రం మేస్టారొక్కడే నిలబడి ఉండేవాడు. ఆయనకి పిల్లల్లేరు. భార్య దీనమ్మ పోయాక ఇంట్లో పలకరించే గొంతే లేదు. దొరసానిగారి జిల్లావాళ్ళు వస్తారన్న ఆశొక్కటే ఆయనకి పనిలా మిగిలింది.

రెండువేల ఒకటిలో, సరిగ్గా పండగనాడే, స్కాట్లండు నుంచి చర్చికి చుట్టాలొస్తున్నారని కబురొచ్చింది. మేస్టారు ఇస్త్రీ పంచె కట్టి, కొత్త చాప కొని, సమాధి పక్కన పరిచి ఉంచాడు. వ్యానులోంచి దిగినవాళ్ళని ఇంగ్లీషులో తనే అడిగాడు, కిన్‌రాస్ వాళ్ళెవరని. వాళ్ళు మొహమొహాలు చూసుకున్నారు. వాళ్ళలో ఒకావిడ పాస్టరు ప్రవీణ్ కుమార్ చెవిలో ఏదో చెప్పింది.

"మేస్టారూ, ఈళ్ళది గ్లాస్గో అంటండి. ఆ జిల్లా ఇప్పుడు లేదంటున్నారండి. డెబ్బై అయిదులోనే తీసేసి పెర్త్‌లో కలిపేసేరంట."



"మన కొత్తపేట తాలూకా కూడా తీసేసి మండలాలు చేసేరు కదండీ. మనుషులు ఎక్కడికి పోతారు," అన్నాడు మేస్టారు. తర్వాత మెల్లిగా, "చెరువుందాండీ?" అని అడిగాడు.

"ఉందంటండి. కోటా ఉందంట."

చుట్టాలు సమాధి దగ్గర నిలబడి ఫొటో తీయించుకుని, అమలాపురంలో మీటింగుందని వెళ్ళిపోయారు. చాప మీద ఎవరూ కూర్చోలేదు. లేని జిల్లానుంచి ఇక ఎవరొస్తారని మేస్టారికి ఏడుపొచ్చింది. అందరి ముందూ ఏడవడం బాగుండదని కండువాతో మొహం తుడుచుకున్నాడు.

పక్క సమాధి దగ్గర్నుంచి కనకమ్మ కేకేసింది. "ఆళ్ళు అమ్మగారి ఊరోళ్ళేనాండీ?"

"కాదమ్మా."

చీకటి పడుతుంటే అందరూ చాపలు చుట్టుకుని ఇళ్ళకి బయల్దేరారు. మేస్టారు తన చాప తీయబోయి ఆగాడు. చిన్నప్పుడు పరీక్షలో రాసింది గుర్తొచ్చింది. ఆ చెరువూ లంకా కోటా కొత్తపేటలో ఇంకెవరికి తెలుసు?

కొవ్వొత్తి వెలిగించి, చెప్పులు విడిచాడు. మోకాళ్ళు పట్టుకుని, జీవితంలో మొదటిసారి, దొరసానిగారి ముందు కూర్చున్నాడు.

"అమ్మగారూ, మీ జిల్లావాడొచ్చేడండి," అన్నాడు.