వదిన పాడని ఆదివారాలు

మా వదిన దర్జీ. ఆమె నోరు కత్తెర కన్నా పదును. చర్చిలో పాట ఎత్తుకుంటే అందరికంటే ముందు ఆమె గొంతే వినిపించేది. శ్రుతి సంగతి ఆ దేవుడికే ఎరుక.

అలాంటి మనిషి వరుసగా నాలుగు ఆదివారాలు పెదవి విప్పలేదు. ఒకరోజు నేను కొట్టుకి వెళ్లేసరికి, చొక్కాకి చేతులు తిరగేసి కుట్టి, విప్పే ఓపిక లేక దాన్నే చూస్తూ కూర్చుని ఉంది. మొహం పీక్కుపోయింది.

"ఏమైంది వదినా? అన్నం తిన్నావా?"

"ఆకలి లేదమ్మాయ్. మూడింటికే మెలకువొచ్చేస్తోంది. ప్రార్థన చేద్దామంటే మాట రావట్లేదు. నా విశ్వాసం చచ్చిపోయింది. దేవుడు నన్ను వదిలేశాడేమో."

బతిమాలి పాస్టరుగారి దగ్గరికి తీసుకెళ్లాను. మందలిస్తారని వదిన తల వంచుకుంది.

"ఇది విశ్వాసం తగ్గడం కాదమ్మా, మనసుకొచ్చే జబ్బు. నాకూ వచ్చింది. ఏడాదిపాటు మందులు మింగాను," అన్నారాయన. "నీకు మాట రానన్నాళ్లూ నీ తరఫున మేం ప్రార్థిస్తాం. నువ్వు మాత్రం రేపే డాక్టరు దగ్గరికి వెళ్లు."

వదిన భోరున ఏడ్చేసింది. మర్నాడే డాక్టరుకు చూపించాం. మందులు పనిచేయడానికి వారాలు పట్టింది. మెల్లగా నిద్ర కుదిరింది, అన్నం సయించింది.

మొన్న ఆరాధన అయ్యాక, వెనక బెంచీలో ముభావంగా కూర్చున్న స్కూలు టీచరమ్మకు కొందరు, "ఇంకాస్త ఎక్కువ ప్రార్థన చెయ్యమ్మా" అని హితబోధ చేస్తున్నారు. వదిన వాళ్లను మోచేత్తో పక్కకు జరిపి ఆమె పక్కన చతికిలబడింది.

"ప్రార్థన నేను చేస్తాలే తల్లీ. ముందిది చెప్పు, రాత్రిళ్లు నిద్ర పడుతోందా?"