సత్యవతి నోట రాని పాస్‌వర్డు

తిరువళ్లూరులో గుడి తేరు నిలిపే తేరడి దగ్గరి ఆ వీధిలో సత్యవతిని ఏదడిగినా లేదన్న మాట రాదు. కరివేపాకు, దోశపిండి, ఆఖరికి ఇంట్లోవాళ్ల గుట్లు కూడా అడక్కముందే ఇచ్చేస్తుంది. ఇంట్లో వైఫై పెట్టించిన రోజున, పాస్‌వర్డు గీస్‌వర్డు ఏమీ వద్దని పెట్టడానికొచ్చినవాడికి తనే చెప్పింది. "పాపం, అందరూ చూసుకోనీలే!" అంది. వీధంతా చూసుకుంది. ఆమె అరుగుమీదే కూర్చుని, ఆమె ఇచ్చిన మజ్జిగే తాగుతూ మరీ చూసుకుంది.

చిక్కంతా కోడలు మనస్వికి వచ్చిపడింది. మేడమీది గదే ఆ పిల్ల ఆఫీసు. మీటింగు మధ్యలో లాప్‌టాప్‌లో బొమ్మ బిగుసుకుపోతోంది. ఇంకొక్కసారి ఇలా అయితే బెంగుళూరు వచ్చి పనిచేయాల్సిందేనని మేనేజరు తేల్చి చెప్పాడు. అప్పుడు అత్తిపట్టు కరెంటు ప్లాంటులో పనిచేసే కొడుకు ఇక్కడ, కోడలు అక్కడ! పైగా ఈ పిల్ల వెళ్లిపోతే తన కబుర్లకు పగలబడి నవ్వేదెవరు? సత్యవతి గుండెల్లో రాయి పడింది.

"పాస్‌వర్డు పెడతా అత్తా. మీరు మాత్రం ఎవురికీ చెప్పగూడదు."

"అడిగితే యెట్ల చెప్పకుండా ఉండేది?"

"అందుకే మీరు చెప్పలేనిదే పెట్టినా," అని మనస్వి తన లాప్‌టాప్‌లోనూ మొగుడి లాప్‌టాప్‌లోనూ కొట్టి చూపించింది. కింద పాత్రల కొట్టు నడిపే మామగారి పేరు. వీరరాఘవ!

"ఓసి గడుగ్గాయీ!" సత్యవతి ముక్కుమీద వేలేసుకుంది. పెళ్లయి ఇన్నేళ్లయినా మొగుడి పేరు పలికి ఎరగదు. ఊళ్లో దేవుడిదీ అదే పేరు కావడంతో, గుడికెళ్లినా "పెద్దసామీ" అనే దండం పెడుతుంది.

మర్నాడే ఎదురింటి చెంగమ్మ వచ్చింది. "అక్కా, పాస్‌వర్డేంది?"

సత్యవతి నోరు తెరిచింది, మూసింది. కొంగు అడ్డం పెట్టుకుని మెలికలు తిరిగింది. చెంగమ్మకు ఇంకేం కావాలి? సత్యక్క నోట రాని మాట లోకంలో ఒక్కటే. "సెరి సెరి, తెల్సిందిలే," అని నవ్వుతూ పోయింది. సాయంత్రానికల్లా వీధి వీధంతా మళ్లీ వైఫైలోనే ఉంది.

ఆ మరుసటి రోజు మీటింగులో లాప్‌టాప్ మళ్లీ మొరాయించింది. మనస్వి మెట్లమీదికి పరుగెత్తుకొచ్చింది. "అత్తా, ఎవురో వాడతా ఉండారు! ఇప్పుడు పాస్‌వర్డు మారిస్తే మీటింగే తెగిపోతాది!" పిల్ల కళ్లనిండా నీళ్లు.

సత్యవతి వీధిలోకి వచ్చి వైఫై ఆపమంది. "మేం చూడ్లేదక్కా. పాస్‌వర్డు మాకు యాడ తెల్సు?" అన్నారందరూ, ఫోన్లలోంచి తలెత్తకుండానే. తన మజ్జిగ తాగి తనతోనే అబద్ధమా! ఆమెకు ఒళ్లు మండిపోయింది. కొంగు నడుముకు బిగించింది.

"వీరరాఘవ అని కొట్టుకోని కూసున్నోళ్లంతా ఇప్పుడే ఆపండి! నా కోడలి ఉద్యోగం పోతాది!"

అందరూ నోళ్లు వెళ్లబెట్టారు. చెంగమ్మ ఫోను జారి ఒళ్లో పడింది. ఒక్కొక్కరే చప్పుడు చేయకుండా ఆపేశారు. మేడమీద మనస్వి ఇంగ్లీషు మళ్లీ గడగడా సాగింది.

కొట్టులోంచి వీరరాఘవ ఉరుక్కుంటూ వచ్చాడు, బేరగాళ్లకు చూపిస్తున్న ఇత్తడి చెంబుతో సహా. "పిల్చినావా?"

"మిమ్మల్ని యెవురు పిల్చినారు? పాస్‌వర్డు చెప్తా ఉంటే!"

ఆయన కదల్లేదు. మీసాల చాటున నవ్వు దాగడం లేదు. "ఇంగొక తూరి చెప్పు."

"ఆ, చెప్తారు! సాయంత్రం కోడలు మార్చేస్తాది, పోండి," అని సత్యవతి కందిపోయిన మొహంతో గబగబా లోపలికి వెళ్లిపోయింది.