శుక్రవారం దాంక నీళ్లు మీవే

ఎండాకాలం పొద్దున ఎల్బీ నగర్‌లో మా అపార్ట్‌మెంటు ముందు ట్యాంకరు ఆగి, రబ్బరు పైపులోంచి కారిన నీళ్లకు వేడి సిమెంటు మీద నుంచి తడి వాసన లేవగానే, నాకు చంపాపేటలోని మా పాత గల్లీ, దానితోపాటు మా చిన్నాయన మీద ఇన్నేళ్లయినా చల్లారని కోపం గుర్తొస్తాయి.

నాకప్పుడు పదేళ్లు. పక్కిల్లు జబ్బార్ చాచాది. లారీలకు సీట్లు కుట్టేవాడు. ఆయన ఇంటికి బండి పోవాలంటే మా జాగాలోంచే దారి, మాకు నీళ్లు రావాలంటే ఆయన వాకిట్లోని బోరే ఆధారం కాబట్టి, మా తాత బతికుండగా ఇద్దరూ కాగితం లేకుండానే ఒక మాట అనుకున్నారు: మా జాగాలో వాళ్లకు దారి, వాళ్ల బోరులో పొద్దటి పూట నీళ్లు మాకు, మధ్యాహ్నం నుంచి వాళ్లకు. తాత పోయాక కూడా ఆ మాట నడిచింది. మామిడి ఒరుగులు మా అరుగు మీద, సేమ్యాలు వాళ్ల మంచాల మీద ఆరే ఆ వేసవుల్లో నేనూ చాచా కూతురు నస్రీనూ ఆ దారిలోనే తొక్కుడుబిళ్ల ఆడుకునేవాళ్లం.

ఆ ఏడు రంజాన్ మండుటెండల్లో వచ్చింది. చిన్నాయన కిరాయికిచ్చేందుకు వెనక గదులు కట్టిస్తున్నాడు. గోడలు తడపడానికి నీళ్లు చాలక, వాళ్ల వంతులో మూసి ఉండాల్సిన మా వైపు వాల్వును సగం తిప్పి, పైన గోనెసంచి కప్పడం నేను చూశాను. ఆ సాయంత్రం నస్రీన్ వాళ్లమ్మ, పొద్దంతా ఉపవాసముండి, నమాజుకు ముందు కాళ్లు చేతులు కడుక్కునే వజూకు నీళ్లు లేక ఖాళీ బకెట్టు పట్టుకుని నిలబడింది. బోరు ఎండిందనుకున్నారు పాపం. మూడు రోజులు చూసి, నేనే వెళ్లి చాచాకు చెప్పేశాను. చిన్నాయన కొట్టిన చెంపదెబ్బకు నా చెవి రెండు రోజులు గింగురుమంది. ఆ రెండు రోజులూ ఆయన తినే ప్రతి ముద్దా గొంతుకు అడ్డం పడాలని కోరుకుంటూ ఎదురుగా కూర్చున్నాను.

చాచా కొడుకు యూసుఫ్ రంపం తెచ్చి, అప్పుడే మా పైపు కోస్తానన్నాడు. నాకైతే ప్రాణం లేచొచ్చింది. చాచా ఆ రంపం లాక్కుని మా వాకిట్లోకి వచ్చి చిన్నాయన ఎదుట నిలబడ్డాడు.

“మాట నీ దిక్కు నుంచి తప్పింది. ఇగ మన ఒప్పందం లేదు. శుక్రవారం దాంక పొద్దటి నీళ్లు మీవే, నింపుకోండ్రి. తర్వాత బంద్.”

యూసుఫ్ గొణిగితే వాడి వైపు తిరిగాడు.

“అవతలోడు దగా చేసినా మనం చాటుంగ తెంపొద్దు బేటా. చెప్పి తెంపాలె. మన దీన్ల, మన ధర్మంల గట్లనే ఉన్నది.”

ఆ నాలుగు రోజులూ చాచా వేళ తప్పకుండా మాకు మోటారు వేశాడు. ఉత్త బెదిరింపేనని చిన్నాయన నవ్వుకున్నాడు. శుక్రవారం నమాజు నుంచి వచ్చి చాచా మా పైపు విప్పి, చుట్ట చుట్టి మా గోడకు ఆనించి పెట్టాడు. ఆ రోజు నుంచే మా దారి కూడా తొక్కకుండా, తన వెనక గోడ పగలగొట్టించి చుట్టూ తిరిగి పోయేవాడు. చిన్నాయన కొత్త గోడలు తడిలేక బీటలిచ్చాయి. అమ్మ కూడా నీళ్లు మోసింది, ఆ బాధ వేరు. కానీ భుజాన బిందెతో చిన్నాయన మెయిన్ రోడ్డు నల్లా నుంచి చెమటలు కారుతూ వస్తుంటే, నేను అరుగు మీద కూర్చుని మామిడి టెంక చీకుతూ కళ్లారా చూశాను. అంత తియ్యటి పండు మళ్లీ తినలేదు.

ఇప్పుడు ఆ రెండిళ్లూ లేవు, ఐదంతస్తులు లేచాయి. బోరు పూడ్చేశారు. చాచా పోయాడు, నస్రీన్ ఎక్కడుందో తెలియదు. మొన్న చిన్నాయన దవాఖాన నుంచి ఇంటికొచ్చాక, వెళ్లి ఎదురుగా కూర్చుని చెప్పేశాను: ఇక నీ గడప తొక్కను, ఆ బోరు దగ్గర నువ్వు చేసిన పనికే అని. ఆయన మందుల సంచి పక్కన పెట్టి నా వైపు తిరిగాడు.

“ఏ బోరు బిడ్డా?” అన్నాడు.